చూరు నీళ్ల జాగా

సిరోంచ పాత ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు పక్కింటి వైపు ఒక మూర నేల వదిలి గోడ లేపుతారు. వదలమని ఎవరూ చెప్పరు, ఏ కాగితంలోనూ రాసి ఉండదు. పెంకుల చూరు నుంచి కారే వాననీళ్లు పక్కవాళ్ల గోడను తడపకూడదని వదిలే మూర అది. అటువాళ్లది ఒక మూర, ఇటువాళ్లది ఒక మూర. రెండూ కలిస్తే నెత్తిన మోపు పెట్టుకున్న మనిషి హాయిగా నడిచిపోయేంత సందు. మా ఊరి సందులన్నీ ఇలా పుట్టినవే. ఆ మూరను చూరు నీళ్ల జాగా అంటాం. అది నాది అని ఎవరూ అనరు. ఎప్పుడో ఒకాయన అన్నాడట, ఆయన ఇంటి పెళ్లికి వాడకట్టులో సగంమంది పోలేదని మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నేను ఏటి అవతలి దాన్ని, తెలంగాణలో మంచిర్యాల వైపు. నన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడు ప్రాణహిత మీద వంతెన లేదు, పడవలో వచ్చాను. ఇప్పుడు నగర పంచాయతీలో నక్షల విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం. విభాగం అంటే ఒక టేబులు, ఒక కంప్యూటరు, నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరూ అంటారు. ముక్కు మీద ఉంటే కనీసం ఎదుటివాళ్లకు కనబడుతుంది కదా, కడుపులో దాచుకునేవాళ్లకంటే నయం అని నేనంటాను. ఆ మాట అనడంలో ఉన్న గర్వం ఈ సంగతి జరిగాక కొంచెం తగ్గింది.

వంతెనలు వచ్చాక ఊరికి దారి దొరికింది, దారితోపాటు లారీలూ వచ్చాయి. అహేరి నుంచి వచ్చేవి, అవతలి తెలంగాణకు పోయేవి, అన్నీ మా పెద్దబజారు మధ్య నుంచే పోవాలి. రోడ్డు దాటాలంటే బడిపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుంపుగా నిలబడేవాళ్లు. వడ్ల ట్రాక్టరు ఒకటి అడ్డం తిరిగిందంటే ఇక ఊరంతా పరేషాన్. చివరికి రోడ్డు వెడల్పు చేయాలని, రెండు వైపులా కాలువలు, నడిచే దారి వేయాలని, పెద్దబజారు నుంచి వెనక బస్‌స్టాండు వీధిలోకి అడ్డదారులు కలపాలని, ఇళ్లు పోయేవాళ్లకు ఇళ్లు కట్టించాలని ప్లాను మంజూరైంది. ఆ ప్లాను తయారు చేయడానికి నాగపూర్ నుంచి ఒక మేడమ్ వచ్చింది.

పట్నం నుంచి వచ్చే మనుషుల మీద నాకు సదభిప్రాయం ఉండదు. జీపు దిగకుండానే ఊరు చూసి పోయేవాళ్లను చాలామందిని చూశాను. ఈమె మాత్రం మామూలు చెప్పులేసుకుని నాలుగు రోజులు ఊరంతా నడిచింది. ఒక్కో సందు మొదట్లో నిలబడి ఎవరు పోతున్నారు, నెత్తిన ఏముంది, ఎటు తిరుగుతున్నారు అని రాసుకుంది. మూడో రోజు నన్ను పిలిచి, మరాఠీలో, ఎంత సంతోషంగా చెప్పిందో. వేరే ఊళ్లలో ఇలాంటి అడ్డదారులు తీయాలంటే ఇళ్లు పడగొట్టాలట. ఇక్కడ మీ పెద్దలు ముందే తీసి పెట్టారు, నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ లారీల మధ్యకు రాకుండా ఊరంతా తిరగొచ్చు అంది. ఆ పెద్దలు మా మామగారే అయినట్టు నేను పొంగిపోయాను.

అంతకు ముందే కొలతలు జరిగాయి. పాత ఊరి జాగాలకు, గావ్‌ఠాణ్ అంటారు వాటిని, ఇంతకాలం ఎవరికీ సరైన కొలతలు లేవు. తాత ఉన్నాడు, తండ్రి ఉన్నాడు, నేనున్నాను అనే లెక్క. ఇప్పుడు పైనుంచి డ్రోన్‌తో ఫొటోలు తీసి నక్ష చేస్తారు. దానికి ముందు ఎవరి హద్దు వెంట వాళ్లు సున్నం గీత పోసుకోవాలి. గీత లోపలున్నదే వాళ్ల పేరు మీద ఎక్కుతుంది. ఏటికి ఇటువైపు సర్కారు భాష మరాఠీ, సూచనల కాగితమూ మరాఠీలోనే వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి తెలుగులో చెప్పాల్సిన పని నాది.

ఆ కాగితంలో స్పష్టంగానే ఉంది. గోడ దగ్గర కాదు, మీ జాగా ఎక్కడి వరకు ఉందో అక్కడి వరకు, చూరు కింది నేలతో సహా గీత పోయండి అని. నేను చదివాను. చదివి కూడా, గోడ వెంట పోసుకోండి అని చెప్పాను. నాకు ఇంకోలా తోచనే లేదు. చూరు నీళ్ల జాగాలో సున్నం పోయమని మనిషన్నవాడు ఎలా చెబుతాడు? వాళ్లకూ తోచలేదు. అందరూ తట్టల్లో సున్నం పట్టుకుని గోడల వెంట ముచ్చటగా గీతలు పోశారు. మా ఇంటి దగ్గర నేనే పోశాను. బయటివాడెవడైనా ఈ పని చేసి ఉంటే కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి పోయేవాడు. ఊరి మర్యాద తెలిసిన దాన్ని కాబట్టే నేను తప్పు చేశాను.

నక్ష వచ్చింది. సందులన్నీ తెల్లగా, ఎవరివీ కానివిగా, చక్కగా కనబడ్డాయి. మేడమ్ వాటి మీదే తన అడ్డదారులు గీసుకుంది. నాలుగు నెలల తర్వాత జాబితాలు అతికించారు. రోడ్డుకు పోగా గీత లోపల మిగిలిన జాగా ఇంత ఉంటే అక్కడే ఇల్లు కట్టుకోవడానికి సాయం. అంతకు తక్కువైతే ఊరి బయట అహేరి రోడ్డులో సర్కారు కట్టే మూడంతస్తుల ఘర్‌కుల్ ఇళ్లలో ఒకటి. మా వాడకట్టులో రెండో జాబితాకెక్కిన పేరు ఒకటే. మా సందుకు అవతలి గోడ ఆమెదే.

వరసకు చిన్నత్త అంటాను. అత్తమ్మకు తోడబుట్టినది కాదు గానీ నలభై ఏళ్లుగా ఒకరినొకరు అక్కా, చెల్లె అనే పిలుచుకుంటారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుడుతుంది. అడవి పల్లెల ఆడవాళ్లు, కొందరు పెర్మిలి వైపు నుంచి అహేరిలో బస్సు మారి మరీ, ఆకు మోపులు తెస్తారు. బస్‌స్టాండులో దిగి సందులోంచి నేరుగా ఆమె అరుగు దగ్గరకు వచ్చి, మోపు దించి, చెంబెడు నీళ్లు తాగి, గోండీలో కష్టసుఖాలు మొదలుపెడతారు. చిన్నత్తకు గోండీ అలా వచ్చింది. ఎండిన ఆకు మీద నీళ్లు చల్లుతూ, పుల్లలు గుచ్చుతూ, తెలుగులో నాతో, గోండీలో వాళ్లతో ఒకేసారి మాట్లాడగలదు. ఎవరింట్లో పెళ్లయినా, దినమైనా విస్తర్లు ఆమె దగ్గరివే.

జాబితాలో పేరు చూసి ఆఫీసులో కూర్చుని కొలతలు తీశాను. ఎంత తక్కువైందా అని చూస్తే, ఒక మంచం పట్టేంత. ఆ వైపు గోడ పొడవునా చూరు నీళ్ల మూర కలుపుకుంటే మంచం పట్టడమే కాదు, పక్కన బిందెలు పెట్టుకునే చోటు కూడా మిగులుతుంది.  సూచనల కాగితం సొరుగులోంచి తీసి మళ్లీ చదివాను. అక్షరం మారలేదు.

కొత్త ఇళ్లు చెడ్డవి అనను. వెళ్లి చూశాను. గట్టి గోడలు, లోపలే కుళాయి, కిటికీలకు జాలీలు. ఎండకూ వానకూ భయం లేదు. కానీ ఆమెకు వచ్చేది రెండో అంతస్తులో. ఆకు మోపులు మెట్లెక్కించి ఎక్కడ ఆరబెట్టాలి? అక్కడ బస్సు ఆగదు. ఆకు తెచ్చేవాళ్లు రారు, విస్తర్లు కొనేవాళ్లు రారు. అరవై దాటిన మనిషి ఒక్కతే ఆ గట్టి గోడల మధ్య కూర్చుని ఏం చేయాలో ఏ నక్షలోనూ లేదు.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇచ్చారు. ఆ సాయంత్రమే చిన్నత్త అరుగు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాది, నేనే గోడ వెంట పోయమన్నాను, ఇప్పుడు ఆ మూర నాదని ఒక్క అర్జీ పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. ఆమె ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చుతూ విన్నది.  తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"చూరు నీళ్లు పడే జాగను నాదని ఎట్ల అంటరు బిడ్డా" అంది. "నేనంటే రేపు అందరంటరు. సందు మూసుకపోతది. గా ఆకులోళ్లు నెత్తిమీద మోపులతోని లారీల నడుమ తిరిగి రావాల్నా?"

అది కాదని అనలేకపోయాను. ఆమె సగం కలుపుకుంటే సందు ఒక మూరకు కుదించుకుపోతుంది. అంత ఇరుకు దారిని ప్లానులో ఉంచరు. ఉంచకపోతే మూసేసుకోవడానికి ఎవరికీ అడ్డుండదు. ఊరికి అడ్డదారి కావాలి, ఆమెకు ఇల్లు కావాలి, రెండూ ఆ మూర మీదే నిలబడ్డాయి. ఆమె తన ఇంటి సంగతి పక్కనపెట్టి దారి సంగతి మాట్లాడుతుంటే నాకు కోపం వచ్చింది. అంత మంచితనం ఎవరికి కావాలి అని కసురుకుని లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం గిన్నెలతో అనవసరంగా చప్పుడు చేశాను.

మర్నాడు మేడమ్ ఆఫీసుకు వచ్చింది. సంగతంతా చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. ఆమె నక్ష తెరిచి, పెన్సిలు తిప్పుతూ చాలాసేపు చూసింది. దారి రెండు మూరలు ఉండాలి అంతే, ఎవరి వైపు నుంచి వచ్చిందన్నది మనకు అనవసరం అంది. ఈమె మూర ఈమెకు వదిలేసి, దారిని అటు జరిపితే సరిపోతుంది. ఎదుటి ఇంటివాళ్ల జాగా లోతుగా ఉంది, ఒక మూర లోపలికి జరిగినా వాళ్లకు లోటు లేదు. పడేది పెరటి గోడ, గోడను ఆనుకున్న చిన్న గది, అంతే. వాళ్లు ఒప్పుకుంటే రెండు గీతలు మార్చేస్తాం. ఇంతా చెప్పి, ఎదుటి ఇల్లు ఎవరిది అని అడిగింది.

"అడిగి చెప్తాను మేడమ్" అన్నాను.

ఆ చిన్న గది నా స్నానాల గది. ఆరేళ్లు అనుకుని అనుకుని ఆ ముందు ఎండాకాలమే కట్టించుకున్నాను. నీలం టైల్సు, పెద్ద అద్దం, చీర ఆరేసుకోవడానికి లోపలే స్టీలు కడ్డీ. అంతకు ముందు ఇరవై ఏళ్లు తడికెల చాటున నీళ్లు పోసుకున్న దాన్ని. నాగేపల్లి నుంచి మా ఆడబిడ్డ వస్తే కాఫీ ఇవ్వకముందే ఆ గది చూపించాను. దాన్ని పడగొట్టాలన్న మాట నా నోటితో నేను ఎలా అనాలి? ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది, ఆమె ఒప్పుకోవద్దా, పెద్ద వయసులో ఆమెను ఎందుకు కష్టపెట్టడం అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆఫీసులో కనబడ్డవాళ్లందరి మీదా అరిచాను. చిన్నత్త అరుగు ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి లారీల రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లాను.

విచారణకు, సునావణి అంటారు దాన్ని, ముందురోజు సాయంత్రం అత్తమ్మ పప్పు చెరుగుతూ, ఆ మూర జాగా అవతలి నుంచి ఎవరన్నా ఇస్తే చెల్లె ఇల్లు నిలబడుతుందా అని అడిగింది. ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా ఎవరూ చెప్పలేదు, సందుకు రెండే గోడలని ఆమెకు తెలుసు కదా. నేను నీళ్లు నమిలాను. నిలబడుతుంది గానీ ఈ రోజుల్లో ఎవరిస్తారు అన్నాను. అత్తమ్మ చేట ఆపి నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

సునావణి నగర పంచాయతీ హాల్లో జరిగింది. టేబులు వెనక మా ఆఫీసు పెద్ద సారు, పక్కన మేడమ్, ఈ చివర నేను, మరాఠీ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి మరాఠీకి చెప్పడానికి. ఒక్కొక్కరూ వచ్చి అరుగు పోయిందని, నీళ్ల తొట్టి పోయిందని చెప్పుకుంటున్నారు. అర్జీ పెట్టకపోయినా జాబితాలో పేరుంది కాబట్టి చిన్నత్త వంతూ వచ్చింది. నిలబడి, నేను చెప్పేది ఏమీ లేదు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను, సందు మాత్రం మూయకండి అంది. ఆ మాట నేను మరాఠీలో చెప్పాను. 

సారు సంతకం పెట్టబోతుంటే వెనక కుర్చీల్లోంచి మా అత్తమ్మ లేచింది. ఆమె వచ్చినట్టు నాకు తెలియనే తెలియదు. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని ముందుకు వచ్చింది.

"మా గోడ మూరెడు లోపలికి జరుపుకుంటం. సందు మా దిక్కు నుంచి తీసుకోండ్రి" అంది. "ఆమె మూర ఆమె పేరు మీదనే రాయండ్రి."

చెప్పాను. మేడమ్ గబగబా నక్ష తిప్పి, ఎదుటి ఇల్లు ఇదే అని సారుకు చూపించి, తర్వాత నా వైపు చూసింది. లేచినావిడ మా అత్తమ్మ అని నేను చెప్పాను కాబట్టి ఆ ఇల్లు ఎవరిదో ఆమెకు అప్పుడు అర్థమైంది.  తల వంచుకుని పెన్సిలుతో కొత్త గీత గీసింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. నేను చేసిన తప్పు, నేను దిద్దాల్సిన తప్పు, నా నీలం టైల్సు కోసం దాచుకుని కూర్చుంటే, చదువు రాని డెబ్బయ్యేళ్ల మనిషి మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి దిద్దుతోంది.

సారు చిన్నత్తను అడిగారు. ఆ మూర మీదేనని మీరు నోటితో చెప్పాలి, లేకపోతే రాయడానికి వీల్లేదు అని. ఆ మాట నేను తెలుగులో చెప్పాను. చిన్నత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.  సారు వైపు కాదు, అత్తమ్మ వైపు తిరిగింది.

"నీ గోడ కూలగొట్టిచ్చి నేను ఆడ ఎట్ల ఉండాలె అక్కా?"

"నువ్వు లేని గోడ పక్కన నేనెట్ల ఉండాలెనే" అంది అత్తమ్మ.

చిన్నత్త కొంగు తీసి ముఖం తుడుచుకుంది. "నాదే" అంది సారుతో. అంత చిన్నగా అంది కాబట్టి ఇంకోసారి అనాల్సి వచ్చింది.

ఇద్దరూ ఏమనుకుంటున్నారని సారు నన్ను అడిగారు. రెండు భాషలూ వచ్చని నాకు జీతం ఇస్తున్నారు.   రెండిళ్లకూ సమ్మతమే సార్ అని మాత్రం చెప్పి, కాగితం నా ముందుకు లాక్కుని, ఎదుటి ఇంటివాళ్లు అన్న చోట మా అత్తమ్మ పేరు రాసి, సాక్షి అన్న చోట నా సంతకం పెట్టాను.